పెద్దమ్మకు తెచ్చిన సముద్రం

ఒక లీటరు బాటిల్ ఎంత బరువుంటుంది? చిన్నపిల్ల కూడా ఎత్తుకుపోతుంది. నేను మాత్రం దాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. ఎక్కడ దించాలో తెలియక ఇప్పుడు మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు అక్కర్లేదు. ఎమ్మిగనూరులో పురుగుమందుల కొట్టున్నవాణ్ణి, అంతే. మా బజారులో అలాంటి కొట్లు చాలా ఉన్నాయి కాబట్టి నన్ను పట్టుకోవడం కష్టం.

నేను అండమాన్ వెళ్ళిన మాట నిజం. ముందు ఇది నమ్మండి, ఎందుకంటే తర్వాత నమ్మదగ్గవి తగ్గుతూ పోతాయి. మందులు బాగా అమ్మిన కొట్లవాళ్ళను కంపెనీ ఏటా ఎక్కడికో ఒకచోటికి తిప్పుకొస్తుంది. ఆ ఏడు దీవికి అన్నారు.

బయల్దేరే ముందు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. గోనెగండ్ల దగ్గరి పల్లె. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టింది ఈమే. ఒక కూల్‌డ్రింక్ బాటిల్ కడిగి, మెడకు పసుపు దారం కట్టి, నా చేతిలో పెట్టింది. మా వైపు యాత్రకు పోయినవాళ్ళు నీళ్ళు తేవాలి. తెచ్చిన నీళ్ళు ఇరుగుపొరుగువాళ్ళకు అరచేతిలో తీర్థంలా పోయాలి. ఇది యాత్ర కాదు పెద్దమ్మా, కంపెనీ ఖర్చు మీద షికారు అన్నాను. ఆమె వినలేదు. నదులన్నీ పోయి కలిసే చోటు యాత్ర కాకపోతే ఇంకేది యాత్ర అంది. అసలు కోరిక వేరే ఉంది. సముద్రం నీళ్ళు తన బోరు నీళ్ళకంటే ఉప్పగా ఉంటాయా అని ఆమె చూడాలి.

ఆ బోరు సంగతి చెప్పాలి. మా పెదనాయన ఈరన్న ఊళ్ళో ఎవరూ దించనంత లోతుకు బోరు దించాడు. నీళ్ళు పడ్డాయి. ఉప్పు నీళ్ళు. పత్తి మాడిపోయింది. గొడ్లు మూతి పెట్టి తిప్పుకున్నాయి. ఊరు ఆయనకు ఉప్పీరన్న అని పేరు పెట్టేసింది. మనిషి పోయినా పేరు పోలేదు, పెద్దమ్మ ఉప్పీరన్న పెండ్లాంగా మిగిలింది. ఊరు నవ్విన ప్రతిసారీ ఆమె ఇంటికొచ్చి ఆయన్ను తిట్టేది. ఆయన తలొంచుకుని తినేవాడు. తిట్లూ, అన్నమూ.

ఇక దీవి. అందరికీ ఒకే రకం పచ్చ బనియన్లు ఇచ్చారు, వీపున కాయతొలిచే పురుగు బొమ్మ. ఆ తెల్లటి ఇసుక మీద, ఆ నీలం నీళ్ళ ముందు, మేము పురుగుల మందలా తిరిగాం. కొత్త పెళ్ళిజంటలు మమ్మల్ని చూసి పక్క బీచ్‌కు పోయారు. మేము అక్కడికీ పోయాం. ఆదోని నుంచి వచ్చిన ఒకాయన ఇసుక పిడికిట పట్టి, "ఇంత ఇసుక ఈడ ఒట్టిగా పడుందే, అడిగే నాథుడే లేడప్పా, ట్రాక్టరుంటే తోలుకోని పోదుము" అని బాధపడ్డాడు. వాన కురిస్తే అందరం కలిసి తిట్టుకున్నాం, మా చేలమీద పడాల్సిన వాన సముద్రంలో పడుతోందని. నేను మోకాళ్ళ దాకా దిగి ఫొటోలు దిగాను. బోలెడు ఫొటోలు. అల వచ్చినప్పుడల్లా పక్కవాడి చేయి పట్టుకున్నాను, ఆ ఫొటోలు తీసేయించాను.

బాటిల్ నింపాను. విమానాశ్రయంలో ఆపేశారు. నీళ్ళు లోపలికి తీసుకుపోకూడదన్నారు. డబ్బాలో పారేశారు. నేనేం చేస్తాను?

ఆగండి. ఇది నా భార్యకు చెప్పిన కథ. ఇన్నేళ్ళు నాకు నేను కూడా ఇదే చెప్పుకున్నాను. బాటిల్‌ను ఎవరూ పారేయలేదు. అసలు నేను దాన్ని సంచిలోంచి బయటికే తీయలేదు. మరిచిపోయాను. చుట్టూ సముద్రం ఉన్న చోట, మోకాళ్ళ దాకా సముద్రంలో నిలబడి, సముద్రం నీళ్ళు తేవడం మరిచిపోయాను. ఇంటికొచ్చి సంచి విప్పితే పసుపు దారం కూడా తడవలేదు.

మరిచిపోయానని చెప్తే పెద్దమ్మ ఏమనేది? "పోనీలేప్పా" అనేది. ఆ ఒక్క మాట నేను వినలేకపోయాను. తిడితే పడేవాణ్ణి. ఆమె తిట్లు పెదనాయనకే గానీ నాకు ఎప్పుడూ లేవు. అందుకని బండేసుకుని పల్లెకు పోతూ, రోడ్డు పక్కనే ఉన్న ఆమె చేను దగ్గర ఆగాను. బోరు పక్కన తొట్టి నిండుగా ఉంది. ఉప్పు నీళ్ళే కదా, ఏ ఉప్పయితే ఏం అనుకున్నాను. ముంచాను. దీవిలో కొన్న గవ్వ ఒకటి, సాక్ష్యానికి, అందులో వేశాను. ఆమె నీళ్ళు ఆమెకే తీసుకుపోయి తీర్థమని ఇచ్చాను. ఇంత తెలివి నాకు వ్యాపారంలో ఎందుకు రాదో!

పెద్దమ్మ చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచింది. ముందు తాను అరచేతిలో పోసుకుంది. నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ తెరవలేదు.

"అప్పా, ఇవి మన బోరు నీళ్ళే గదరా!" అంది.

దొరికిపోయాననుకున్నాను. కాళ్ళమీద పడదామని వంగబోయాను కూడా. ఆమె నన్ను పట్టించుకోకుండా ఊరివాళ్ళవైపు తిరిగింది.

"సూడండి! తాగి సూడండి! నా మొగుడు సముద్రం దాకా దింపినాడు బోరు. మీరు నవ్వినారు. ఉప్పీరన్న అన్నారు. నేనూ తిట్టినా. ఆ మనిషి సచ్చేదాకా తిట్టినా." అంటూ వాకిట్లో కూలబడి ఏడ్చింది.

అందరూ తాగారు. అందరూ అవునన్నారు. తేడా లేకపోతే లేదనే కదా అంటారు! బడిలో చదువు చెప్పే అయ్యవారు మాత్రం సముద్రం ఎక్కడ, గోనెగండ్ల ఎక్కడ అన్నాడు. "నువ్వు పోయినావా సముద్రానికి? మావాడు పోయొచ్చినాడు, అడుగు" అంది పెద్దమ్మ. అందరూ నా వైపు చూశారు.

నేను తలూపాను. నీళ్ళు ముంచింది ఒక తప్పు. ఈ తలూపడం దానికంటే పెద్దది. కానీ ఏం చేయమంటారు? ఏడుస్తూనే ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖం చూసి నిజం చెప్పగలిగినవాడు ఎవడైనా ఉంటే నాకు చూపించండి. ఆమె కోసమే చెప్పలేదా? లేక నా పరువు కోసమా? రెండూ అనిపిస్తుంది. ఒక్కోరోజు ఒక్కోటి.

ఆ తర్వాత బోరుకు పసుపు కుంకుమలు వచ్చాయి. గజ్జి ఉన్నవాళ్ళు వచ్చి స్నానాలు చేశారు. ఉప్పీరన్న అనే పేరు అలాగే ఉంది గానీ ఇప్పుడు చేతులు జోడించి అంటున్నారు. పెద్దమ్మ మొగుణ్ణి తిట్టడం మానేసింది. ఆయన ఫొటోకు రోజూ పూలు పెడుతోంది.

ఈ ఏడు ఆమె మనవరాలు కోస్తా వైపు ఏదో ఊళ్ళో నర్సు కోర్సులో చేరింది. అవ్వను తీసుకుపోయి సముద్రం చూపించింది. ఆ సంగతి తెలిసిన రోజు నేను కొట్టు తెరవలేదు. మరునాడు తెరిస్తే, పెద్దమ్మ గోనెగండ్ల బస్సు దిగి నేరుగా వచ్చి, మందు డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చుంది.

"సూసినావా పెద్దమ్మా?"

"సూసినా. శానా పెద్దది."

"నోట్లో ఏసుకున్నావా?"

"ఏసుకున్నా." కొంగుతో మూతి తుడుచుకుంది. "సెడిపోయిందప్పా ఆ సముద్రం. ఒకటే సేదు. నువ్వు తెచ్చిందే మంచి సముద్రం."

తర్వాత సంచిలోంచి బాటిల్ తీసి బల్ల మీద పెట్టింది. అదే బాటిల్. అదే పసుపు దారం, రంగు పోయి. లోపల నా గవ్వ. నిండా నీళ్ళు.

"నీకని తెచ్చినా. అంత దూరం పోయి ఒట్టి సేతుల్తో రాకూడదు గదప్పా."

నా ముఖంలోకి చూసింది. నేను గవ్వను చూశాను. ఆమెకు తెలుసా? తెలిసే అందా? ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ చూపు ఒకసారి అవునంటుంది, ఒకసారి కాదంటుంది. బస్సు ఎక్కించి వచ్చాను.

తర్వాత మూత తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. చేదు. బోరు నీళ్ళ రుచి కాదు, దగ్గరికి కూడా రాదు. ఒకసారి నోట్లో పడితే ఎవరికైనా తెలిసిపోతుంది.

బాటిల్ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. పారబోయలేను. ఎవరైనా ఇదేమిటని అడిగితే సముద్రం నీళ్ళు అంటున్నాను. ఈ బాటిల్ గురించి నేను చెప్పిన మొదటి నిజం ఇదే. రెండోది ఇప్పుడు మీకు చెప్పాను. ఆమెకు చెప్పలేదు. అయినా కొంచెం ఊపిరి ఆడుతోంది.