ఓడిన మనిషిని పలకరించని పావుగంట

చలికాలపు ఫుట్‌బాల్ పోటీలు మళ్ళీ మొదలవుతున్నాయి. పెద్దవాళ్ళు తమ జట్టు కోసం గంటల తరబడి ఎండలో కూర్చునే రోజులివి. కిందటేడు రాయపూర్ ప్రయాణంలో నేను చేసిన ఒక పొరపాటును ఇప్పుడే చెప్పాలనిపించడానికి కారణం అదే. నేను విశాఖపట్నంలో మధుమేహ రోగులను చూసే వైద్యురాలిని. మా మేనమామ అప్పలరాజు రైల్వేలో పదవీ విరమణ చేసి, రాయపూర్‌లోని మోవాలో స్థిరపడ్డారు. ఆట చూసి వచ్చిన ప్రతిసారీ ఆయన తూలిపోతున్నారని, గుండె జబ్బేమోనని సరోజిని అత్తయ్య ఫోన్ చేసింది. "నువ్వొకపాలి వచ్చి సూడే. డాక్టరువి, నువ్వు వద్దంటే మానేస్తాడు. నా మాట ఆయన కాడ చెల్లదు," అంది. ఆయనకున్న ఒకే ఒక్క సరదాను ఆపించాలో వద్దో తేల్చవలసిన బాధ్యత నా మీద పడింది.

విశాఖలో రాత్రి రైలెక్కితే రాయగడ, టిట్లాగఢ్ మీదుగా తెల్లవారేసరికి రాయపూర్ చేరవచ్చు. స్లీపర్ టికెట్ నాలుగు వందల లోపే. డిసెంబరులో మంచి దుప్పటి మాత్రం ఉండాలి. స్టేషన్ నుంచి మోవాకు ఆటోలో అరగంట పట్టింది, నూట యాభై తీసుకున్నారు. రైలు ఆలస్యం కావడంతో నేను ఇంటికి చేరేసరికి ఎనిమిది దాటింది. మావయ్య అప్పటికే స్నానం చేసి, తమ కాలనీ జట్టు రంగున్న కండువా మెడలో వేసుకుని సిద్ధంగా ఉన్నారు. "షుగరు మాత్ర వేసుకున్నావా?" అని అడిగాను. "నీ ముందే మింగుతాను, సూడు," అని మింగి నోరు తెరిచి చూపించారు. అత్తయ్య ఉప్మా పళ్ళెం తెస్తే "అక్కడ పెట్టు, తింటాన్లే," అన్నారు. రక్తపోటు చూశాను, గుండె చప్పుడు విన్నాను. రెండూ బాగానే ఉన్నాయి. సంతోషంగా స్నానానికి వెళ్ళాను.

ఆట మందిర్ హసౌద్‌లో, మధ్యాహ్నం రెండున్నరకు. మోవా నుంచి ముప్పావుగంట దారి. రానుపోను ఎనిమిది వందలకు ఆటో మాట్లాడుకున్నాం. "షామ్ కో ఉధర్ సే కుఛ్ నహీ మిలేగా, దీదీ," అని డ్రైవరు హెచ్చరించాడు. సాయంత్రం అటునుంచి ఏ బండీ దొరకదని. అతని మాట నిజమే. మీరు వెళ్ళినా తిరుగు ప్రయాణానికి ఆటోను ఆపి ఉంచుకోండి. దారిలో మావయ్య నాకు ఒక కట్టుబాటు చెప్పారు. "ఓడిపోతే నన్నెవుళూ పలకరించకూడదు. నానే నోరు తెరవాల. మా రైల్వే తెలుగోళ్ళ కాడ అదే రివాజు, సమ్‌ఝీ?" నవ్వి ఊరుకున్నాను.

ప్రత్యర్థి ఉక్కు మిల్లుల బస్తీ జట్టు. ఆ జట్టుతో కాలనీకి ఉన్న పంతం మావయ్య ఉద్యోగమంత పాతది. గట్టు మీద ఆయన పక్కన కూర్చుని, పది నిమిషాలకొకసారి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టాను. ఆట ఎటూ తేలడం లేదు. బంతి మా గోలు వైపు వచ్చిన ప్రతిసారీ నేను ఆటను కాక ఆయన ఛాతీని చూశాను. అత్తయ్య భయం నాకూ అంటుకుంది. నొప్పి ఎటు పాకుతుందో, చెయ్యి ఎప్పుడు గుండె మీదికి వెళుతుందో అని కనిపెట్టుకుని ఉన్నాను. చివరి నాలుగు నిమిషాల్లో మా కుర్రవాడొకడు గోల్‌కీపర్‌కు వెనక్కి తన్నిన బంతి సగంలోనే ఆగిపోయింది. బస్తీ ఆటగాడు దాన్ని అందుకుని లోపలికి నెట్టాడు. తర్వాత మేము కొట్టిన ఒకే ఒక్క షాట్ అడ్డకర్రకు తగిలి బయటపడింది. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం.

మావయ్య కదలలేదు, మాట్లాడలేదు. చుట్టూ ఉన్న కాలనీవాళ్ళు తలలు దించుకుని దూరం జరిగారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నాడి వేగంగా ఉంది, కానీ క్రమం తప్పలేదు. నొప్పి ఉందా అని సైగ చేస్తే లేదన్నట్టు తలూపారు. ఆయన దుఃఖాన్ని గౌరవిస్తున్నాననుకుని నేనూ పావుగంట నోరు మూసుకున్నాను.

ఆ నిశ్శబ్దాన్ని ఛేదించింది అవతలి పక్షం మనిషి డేవిడ్ గారు. ఆయనది భీమవరం వైపు. మావయ్యతో ఒకే రైల్వే షెడ్డులో పనిచేసి, బస్తీ దగ్గర ఇల్లు కట్టుకున్నందుకు ఆ జట్టు మనిషైపోయారు. "ఏవండీ అప్పలరాజుగారూ, మీ గోల్‌కీపర్ని ఆదివారం మా చర్చికి పంపండి. చేతులు దగ్గరకి చేర్చడం అన్నా వస్తది," అన్నారు.

మావయ్య నెమ్మదిగా తలెత్తారు. "సెకండాఫ్ ఎప్పుడు మొదలవుద్ది, డేవిడ్?"

ఛలోక్తి అనుకుని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుంటే చల్లగా, తడిగా ఉంది; వేళ్ళు వణుకుతున్నాయి. "మధ్యాహ్నం ఏం తిన్నావు, మావయ్యా?" అని అడిగాను. జవాబు డేవిడ్ గారే ఇచ్చారు: "ఆట రోజు ఆఖరి విజిల్ పడేదాకా ముద్ద ముట్టడు కదమ్మా, ఇంట్లో తెలియనివ్వడు. ఎప్పుడో డ్యూటీలో తిండి తప్పిన రోజున వీళ్ళు గెలిచారంట. అప్పట్నించీ అంతే."

మాత్ర సంగతి అడిగిన నేను తిండి సంగతి అడగలేదు. మాత్ర వేసుకుని తినకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. గుండె కోసం వెతుకుతూ, నా సొంత విద్యకు సంబంధించిన లక్షణాలను ఓటమి బాధ అనుకున్నాను. రక్తంలో చక్కెర కొలిచే పరికరం మోవాలోనే ఉండిపోయింది. టీ బండి దగ్గర మూడు చెంచాల పంచదార గ్లాసు నీళ్ళలో కలిపి తెచ్చాను. మావయ్య మొహం తిప్పుకున్నారు. "షుగరున్నోడికి పంచదారేటే? నువ్వేం డాక్టరువే?" డేవిడ్ గారు గ్లాసు అందుకుని, "తాగవయ్యా, నిన్ను బతికించుకుంటేనే కదా మళ్ళీ ఓడించేది," అంటూ గుక్క గుక్కగా తాగించారు. పది, పన్నెండు నిమిషాలకు చెమట ఆరింది. మావయ్య నలువైపులా చూసి, "అది ఆఫ్‌సైడు," అన్నారు. "ఆహా, ఇప్పుడు మనిషయ్యాడు," అన్నారు డేవిడ్ గారు. అప్పుడు బిస్కెట్లు, అరటిపండు తినిపించి ఆటో ఎక్కించాం. ఆ మాత్ర ప్రభావం చాలా గంటలుంటుంది కనుక ఇంట్లో అన్నం పెట్టించి, మర్నాటి దాకా కనిపెట్టుకుని ఉన్నాను.

భయంతో చూసే కన్ను తాను భయపడినదాన్నే వెతుకుతుందని ఆ ప్రయాణంలో తెలిసింది. దుఃఖంలో ఉన్నవాళ్ళను ఒంటరిగా వదలడం మర్యాదే కావచ్చు, కానీ ఒక్క మాట పలకరించి, వచ్చే జవాబు సరిగా ఉందో లేదో వినడం అంతకంటే అవసరం. నేను ఇవ్వగల సలహా ఒక్కటే: మధుమేహానికి మాత్రలు వాడే పెద్దలను ఆటకు తీసుకెళితే, మాత్ర వేసుకున్నారా అని కాక ముందు భోజనం చేశారా అని అడగండి, జేబులో గుప్పెడు పంచదార ఉంచుకోండి. మర్నాడు తీయించిన ఈసీజీలో దోషం కనిపించలేదు. ఆటలు మానమని నేను చెప్పలేదు, తిని వెళ్ళమన్నాను. ఆయన "సరేలే" అన్నారు. అంతకుముందు తూలిన రోజులన్నిటికీ కారణం ఇదేనా, గుండెకూ అందులో పాలుందా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. ఈ చలికాలం తొలి ఆట రోజున ఆయన తిని వెళతారో లేదో కూడా తెలియదు.