బేరింగు మూలుగు

విదేశం నుంచి మేం తెప్పించిన బేరింగులు బాగాలేవని హోసూరు ఫ్యాక్టరీ గొడవ చేస్తే విజయవాడ నుంచి వెళ్ళాను. రుజువు లేనిదే సరుకు వెనక్కి తీసుకోనని సప్లయర్ మొండికేశాడు. కొలిచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వేప్పనపల్లి నుంచి ఆ ఫ్యాక్టరీలో పనికి వచ్చే మునెమ్మ మాత్రం ఒక్కోదాన్నీ చెవి దగ్గర తిప్పి, పదకొండు పక్కన పెట్టింది.

"ఇవి మూలగతా ఉండాయప్పా."

నాకేమీ వినబడలేదు. చిరాగ్గానే వాటిని కోయించాను. పదకొండింటిలోనూ లోపలి గాడిలో వెంట్రుకంత పగుళ్ళు!

"ఇదెలా నేర్చుకున్నారమ్మా?"

"మా నాయిన గొర్లు మేపుతా ఉండె. కండ్లు మూసుకోని, ఊపిరి విని, రోగమొచ్చిన గొర్రెని పట్టేది నేర్పించినాడు."

వీడియో కాల్‌లో పగుళ్ళు చూసిన సప్లయర్, ఏ మిషన్‌తో కనిపెట్టారని అడిగాడు. ఫోన్‌ను ఆమె వైపు తిప్పాను. మునెమ్మ కళ్ళు మూసుకుని ఇంకో బేరింగు వింటోంది.