అన్నీ ఒప్పుకునే మనిషి

అమెరికాలో, అరోరాలో మా అక్క కూతురి పెళ్ళికి వంట చేసిన కేటరర్‌తో పోట్లాడాలంటే ముందు ఆయన ఎదురు చెప్పాలి. చెప్పేవాడు కాదు. ఏమన్నా చేతులు కట్టుకుని, "నిజమేనండీ" అనేవాడు.

పెళ్ళయిన మర్నాడు, ఫైనల్ బిల్లులో ఎంతో కొంత తగ్గించుకు రమ్మని అక్క నన్ను పంపింది. వెళ్ళేసరికి ఆయన తన కేటరింగ్ వంటింట్లో ఒక్కడే పెద్ద గిన్నెలు కడుక్కుంటున్నాడు.

"పులిహోరలో ఉప్పే లేదండీ," అన్నాను.

"నిజమేనండీ. నేనూ తిని చూశాను."

"సాంబారు చల్లారిపోయింది."

"చల్లారిపోయిందండీ."

"అన్నం అయిపోతే మగపెళ్ళివాళ్ళకి పిజ్జాలు ఆర్డర్ చేశాం. మా బావ తలెత్తుకోలేకపోయాడు."

ఆయన కుళాయి కట్టేసి, తడి చేతులు కట్టుకున్నాడు. "నిజమేనండీ. చూశాను. నాకూ బాధేసింది."

"మరి బిల్లు?"

"బిల్లు అంతేనండీ."

దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. చెక్కు రాసిచ్చి వచ్చేశాను. ఎంత గడుసువాడో అనుకున్నాను.

ఆ పెళ్ళికూతురికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. అక్క మాత్రం ఎప్పుడు కలిసినా అదే ఎత్తుతుంది.

"ఒక్క డాలర్ తగ్గించలేకపోయావు కదరా! నిన్ను పంపడం నాదే తప్పు."

ఏళ్ళ తరబడి వాదించాను. మొన్న ఆఫీస్ నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. మళ్ళీ మొదలుపెట్టింది. నాకు ఓపిక లేదు. చేతులు కట్టుకుని, "నిజమే అక్కా," అన్నాను.

ఆయనది గడుసుతనం కాదని, ఒట్టి అలసటేనని అప్పుడు తట్టింది.

అక్క నోరు తెరిచి, ఏమనాలో తోచక మూసేసింది. ఆ రోజు ఆ వంటింట్లో నా మొహం ఎలా ఉండి ఉంటుందో మొదటిసారి చూశాను.