మయస్థీనియాతో గాలిబండ దారిలో

ఆ రోజు పుంగనూరులో మా పాల కేంద్రంలో మధ్యాహ్నం చపాతీ తింటున్నాను. సగంలోనే దవడ ఆగిపోయింది. నొప్పి లేదు. నమలడానికి బలం లేదు, అంతే. నాతో పనిచేసే రెడ్డెమ్మక్క ఎదురుగా కూర్చుని ఉంది. "నీ ఎడం కన్ను మూసుకుపోతాండాది సూడు" అంది.

సాయంత్రం మదనపల్లెలో ఇంటికి చేరేసరికి నా భర్త రమణప్ప హార్సిలీ హిల్స్ ప్రయాణం ప్లాన్ చేస్తున్నాడు. ఆయన స్కూల్లో పీఈటీ. తోటి టీచర్లతో కలిసి కొండ కింద నుంచి కాలిబాటన కొండ కొనన ఉన్న గాలిబండ దాకా నడవాలి, పైనుంచి లోయ చూసి చీకటి పడేలోగా దిగాలి. నాకు కాళ్లు కూడా బరువుగా ఉన్నాయని చెప్పాను.

"కొండ అనేసరికి కాళ్లు బరువైనాయా? యాల ఈ నాటకాలు?" అన్నాడు.

ఆదివారం తీసుకెళ్లాడు. బాటలో కొంచెం దూరం ఎక్కగానే కూలబడ్డాను. కాసేపు కూర్చుంటే బలం తిరిగొచ్చింది. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది. కూర్చుంటే బాగయ్యే మనిషి మాట ఎవరు నమ్ముతారు? "ఇప్పుడు బాగనే ఉండావు గదా" అని అందరి ముందూ నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

మదనపల్లెలో ఒక డాక్టరు రక్తం తక్కువన్నాడు. ఇంకొకాయన టెన్షన్ అన్నాడు. పొద్దున బాగానే ఉండేదాన్ని. సాయంత్రానికి ఒక్క బస్సు రెండుగా కనిపించేది, మెట్టు ఎక్కలేకపోయేదాన్ని. చివరికి రెడ్డెమ్మక్క సెలవు పెట్టి నన్ను కుప్పం తీసుకెళ్లింది. అక్కడ న్యూరాలజీ డాక్టరమ్మ నన్ను రెప్ప వేయకుండా పైకే చూడమంది. రెప్ప మెల్లగా జారింది. ఐస్ ప్యాక్ పెట్టి తీస్తే లేచింది. తర్వాత నరానికి కరెంటు ఇచ్చి కండను చూసే ఆర్ఎన్ఎస్, యాంటీబాడీ టెస్ట్, ఛాతీకి సీటీ స్కాన్ అయ్యాయి.

"మయస్థీనియా గ్రావిస్ అమ్మా. నరం ఇచ్చే సిగ్నల్ కండకు సరిగ్గా అందడం లేదు. వాడేకొద్దీ అలిసిపోతుంది. ఇది సోమరితనం కాదు, మీ ఆయనకు చెప్పు" అంది.

చెప్పాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

కండకు బలమిచ్చే పిరిడోస్టిగ్మిన్ మాత్రలు, స్టెరాయిడ్ మొదలయ్యాయి. ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది. అయినా అన్నం నమిలి తినగలిగాను. అంతలో దగ్గు పట్టుకుంది. అడగకుండా ఏ మందూ మింగొద్దని డాక్టరమ్మ చెప్పే ఉంది. ఆ మాటే అంటే, ఆయన మెడికల్ షాపులో కొన్న యాంటీబయాటిక్ నా చేతిలో పెట్టి, "దగ్గుకు గూడా కుప్పం పోవల్లనా? మింగు" అన్నాడు. వాదించే ఓపిక లేక మింగాను. మర్నాటికి మాట ముక్కులోంచి వచ్చింది. నీళ్లు గొంతు దిగలేదు.

కుప్పం ఆస్పత్రిలో ఐసీయూలో పెట్టి, నరం గుండా ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు. "ఆ మందు నీ జబ్బుకు పడదు. ఇంకాస్త ఆలస్యమైతే వెంటిలేటరే" అంది డాక్టరమ్మ. బయట ఆయన ఏడుస్తున్నాడని నర్సు చెప్పింది. నాకు జాలి కలగలేదు.

ఇంటికొచ్చాక ఆయన మాట మారింది. లేచి నడవమన్న నోటితోనే మంచం దిగొద్దన్నాడు. ఉద్యోగం మానేయమన్నాడు. నా ఒంటి సంగతి అప్పుడూ ఆయనే తేల్చాడు, ఇప్పుడూ ఆయనే తేలుస్తున్నాడు. ఉద్యోగం మానలేదు.

మందులతో ఒళ్లు నిలకడకు వచ్చాక గాలిబండకు నడవొచ్చా అని డాక్టరమ్మను అడిగాను. "పో. ఎండెక్కక ముందే మొదలుపెట్టు. మాత్ర పనిచేయడం మొదలయ్యాకే నడువు. అలుపు రాకముందే కూర్చో. ఒంటరిగా మాత్రం వద్దు" అంది.

ఇంట్లో ఆయన మండిపడ్డాడు. "ఆడ పడిపోతే ఎవురు మోసుకొస్తారు? నేను రాను."

"నిన్ను పిల్సలేదు. రెడ్డెమ్మక్క వస్తాండాది" అన్నాను.

మెత్తగా కలిపిన పెరుగన్నం, నీళ్లు, మాత్రలు సర్దుకున్నాం. ఒకటి రెండుగా కనిపించి, కూర్చున్నా తగ్గకపోతే అక్కడినుంచే వెనక్కి రావాలని ముందే మాట్లాడుకున్నాం. తెల్లవారుతూనే ఎక్కడం మొదలుపెట్టాం. రాళ్ల బాట, సీతాఫలం పొదలు, చల్లటి గాలి. కూర్చుంటూ లేస్తూ చాలా దూరం ఎక్కాను. చివరి ఎక్కుడు ఎదురుగా కనిపిస్తుండగా నా ముందు నడుస్తున్న రెడ్డెమ్మక్క ఇద్దరైంది. కూర్చున్నాను. ఇద్దరు ఒక్కరు కాలేదు.

"ఇంత దగ్గరకొచ్చినాము. నిదానంగా పోదామా అమ్మా?" అంది.

"వద్దక్కా. దిగుదాం."

రెండుగా కనబడకుండా ఒక కంటికి చేతిగుడ్డ కట్టుకుని, ఆమె భుజం పట్టుకుని దిగాను. ఇంట్లో ఆయన ఎదురుచూస్తున్నాడు. "సెప్తి గదా" అన్నాడు.

"నా కాళ్లతో ఎక్కినా, నా కాళ్లతోనే దిగినా" అన్నాను.

ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటున్నాం, అవసరమైన మాటలే మాట్లాడుకుంటాం. చలి తగ్గగానే మళ్లీ బయలుదేరాలని రెడ్డెమ్మక్కా నేనూ అనుకుంటున్నాం.

ఈ జబ్బుతో కొండ ఎక్కాలనుకునే వాళ్లకు ఒక్క మాట. ఎప్పుడు వెనక్కి తిరగాలో ఇంట్లో, ఒంట్లో బలం ఉన్నప్పుడే తేల్చుకోండి. ఆ గుర్తు కనిపించాక పైభాగం ఎంత దగ్గరగా ఉన్నా లెక్కచేయకండి. దిగడానికి కూడా కండే కావాలి.