లెక్కల మాస్టారికి పడవ లేదు

ఆ రోజుల్లో మా ఊళ్ళో దొరకనిదంటూ లేదు. పీతలంటే పీతలు, పండుగొప్పలంటే పండుగొప్పలు, దోమలైతే అడక్కుండానే. లేనిదల్లా ఒక్క లెక్కల మాస్టారే. నాగాయలంక దాటి, కృష్ణ పాయ దాటి, ఉప్పుగాలి మొహానికి కొట్టే చోట మా ఊరు. వంతెన లేదు, పడవే గతి. పడవ దిగిన ప్రతి లెక్కల మాస్టారూ ముందు మమ్మల్ని చూసేవారు, తర్వాత వెనక్కి తిరిగి నీళ్ళని చూసేవారు. అంతే, మనసులో సెలవు చీటీ తయారైపోయేది. ఒకాయనకి నడుంనొప్పి, ఇంకొకాయనకి డెప్యుటేషను, మరొకాయన ఏ కారణమూ చెప్పకుండానే మాయం (గొడుగు హెడ్మాస్టారి గదిలో వదిలేసి మరీ). ఇక లెక్కలు చెప్పే భారం డ్రిల్లు మాస్టారి మీద పడేది. పాపం, ఆయనకి తెలిసిన విద్య ఒకటే. లెక్క తప్పితే గ్రౌండు చుట్టూ పరుగు. లెక్కలు రాలేదు గానీ మా బడి పిల్లలకి పరుగుపందెంలో తిరుగుండేది కాదు.

నేను టెన్త్‌కొచ్చిన ఏడు అమ్మ తేల్చి చెప్పేసింది. "పాసయ్యావా, బందరు కాలేజీ. తప్పావా, అక్కతో పాటు రొయ్యల షెడ్డు." అమ్మ ఊరికే బెదిరించే మనిషి కాదు. అక్క అప్పటికే షెడ్డుకి వెళ్తోంది. ఐసులో రొయ్యల తలలు తీసీ తీసీ దాని వేళ్ళు పాసిపోయాయి, కూరన్నం కలుపుకుంటే మంటెత్తి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ వేళ్ళు చూస్తే నాకు ముందు ఏడుపొచ్చేది, వెనకాలే ఒళ్ళుమండేది. చచ్చినా షెడ్డు గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నాను. మిగతా సబ్జెక్టులు ఎలాగోలా గట్టెక్కుతాను, మరి లెక్కలో? (ఇంట్లో నన్ను మొండిఘటం అనేవాళ్ళు. ఊరికే అనలేదు.)

దసరా సెలవులయ్యాక గుడివాడ నుంచి కొత్త మాస్టారొచ్చారు. కుర్ర మనిషి, గట్టిగా గాలొస్తే పడిపోతారేమో అన్నంత సన్నం, పెళ్ళై ఏడాది కాలేదు. మొదటిరోజే బోర్డు మీద ఎక్స్ రాసి "ఇదేంట్రా?" అంటే వెనకబెంచీ వాడొకడు లేచి "తెలీదండి" అన్నాడు, పరుగుకి సిద్ధపడి నిక్కరు కూడా ఎగలాక్కున్నాడు. మాస్టారు పకపకా నవ్వారు. "సరిగ్గా చెప్పావు. తెలీనిదానికి పెట్టుకున్న పేరే ఎక్స్. అదెవరో పట్టుకుందాం, కూర్చో." అప్పటిదాకా నన్ను కరవడానికొచ్చే ఎక్స్ ఆవేళ తోకూపింది. రెండు నెలలు తిరిగేసరికి లెక్క చేస్తూ చేస్తూ నేను అన్నానికి లేవడం మర్చిపోయే స్థితికొచ్చాను. అమ్మ దిష్టి కూడా తీసింది.

అంతా బాగుందనుకుంటే దిష్టి తగలనే తగిలింది. ఓ గురువారం హెడ్మాస్టారి గదిలో మంచినీళ్ళ బిందె పెట్టడానికెళ్ళి, గుడివాడ మాస్టారి మాట విన్నాను. "డెప్యుటేషన్ ఆర్డరు వచ్చేస్తోందండి, గుడివాడలోనే. శనివారం వెళ్తే మళ్ళీ రాకపోవచ్చు." బిందె అక్కడే దించి, ఒక్క పరుగున మా పెదమావయ్య దగ్గరికెళ్ళాను (డ్రిల్లు మాస్టారి చదువు అక్కరకొచ్చింది). మావయ్య ఊరి పెద్దల్లో ఒకడు. మా ఊళ్ళో పెద్దలు కట్టుబాటు పెట్టారంటే కలెక్టరు ఆర్డరు కన్నా గట్టిది. ఫలానా రోజు వేటకెళ్ళద్దంటే ఎంత మొనగాడైనా వల ముట్టడు. "మావయ్యా, ఈయన కూడా పోతే మా గతేంటి? కట్టుబాటు పెట్టండి" అన్నాను. "మాస్టారి మీద కట్టుబాటేంటే, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు గానీ, ఆయన కూతురూ నా క్లాసే. ఆ సాయంత్రం వలలారేసే దిబ్బ మీద పెద్దలు కూర్చున్నారు. పొద్దుగూకేలోగా ఇంటింటికీ కబురు అందింది. పబ్లిక్ పరీక్షలయ్యేదాకా లెక్కల మాస్టార్ని ఎవరూ పడవెక్కించుకోకూడదు.

శనివారం మాస్టారు బ్యాగు పుచ్చుకుని రేవుకొచ్చారు. నేను వలల చాటున నక్కి చూస్తున్నాను. మొదటి పడవవాడు "చిల్లు పడిందండి" అన్నాడు. రెండోవాడు "తారు పూశామండి, ఆరలేదు". మూడోవాడికి ఏం తోచక "మా ఆవిడ వద్దందండి" అన్నాడు. ఇంతలో మా మావయ్య పడవలో ఎవరివో మేకలు ఎక్కుతున్నాయి. మాస్టారి గొంతు లేచింది. "మేకలకి చోటుంది, నాకు లేదా?"

మావయ్య తలపాగా తీసి చేతుల్లో పట్టుకుని, ఎంతో వినయంగా అన్నాడు. "మేకలు మళ్ళీ వస్తాయండి."

మాస్టారికి సంగతి అర్థమైంది. సోమవారం క్లాసుకొచ్చారు, కుర్చీలో కూర్చున్నారు, చాక్‌పీసు ముట్టలేదు. మంగళవారమూ అంతే. మాకు మాస్టారు మిగిలారు, పాఠం పోయింది. నేను ఉండబట్టలేక బడి వదిలాక ఆయన గది ముందు నిలబడ్డాను. "మీకు ఉద్యోగం ఎక్కడైనా ఉంటుందండి. మీరెళ్తే నేను షెడ్డుకెళ్తాను. అదేమన్నా న్యాయమాండి?" అని కడిగేశాను. ఆయన కోప్పడతారనుకున్నాను. "మా ఆవిడకి నెల తప్పిందమ్మా. మంచినీళ్ళు కూడా ఇమడట్లేదు. ఇంట్లో చూసే ఆడదిక్కు లేదు. నేనిక్కడ కూర్చుని నీకు పాఠమెలా చెప్పను?" అన్నారు. అక్కడ ఒకావిడ ఒంటరిగా వాంతులు చేసుకుంటుంటే ఇక్కడ మేం ఆవిడ మొగుణ్ణి దాచిపెట్టుకున్నాం. ఛీ, అనిపించింది.

మళ్ళీ మావయ్య దగ్గరికే. "కట్టుబాటు తియ్యండి." మావయ్య నెత్తి కొట్టుకున్నాడు. "పెట్టించిందీ నువ్వే, తియ్యమనేదీ నువ్వేనా! మేం పెద్దలమా, నీ పాలేళ్ళమా?" కానీ విషయం చెప్పగానే మొహం మారిపోయింది. "చూలాలా! ముందే చెప్పొద్దూ!" మర్నాడు తెల్లారగానే స్వయంగా తనే పడవ తీశాడు. అయితే మా ఊరి నుంచి చూలాలి దగ్గరికి ఉత్తచేతుల్తో వెళ్ళడం మహా దోషం. అత్తయ్య ఎంచి ఎంచి పెద్ద సంచీడు ఎండురొయ్యలు తెచ్చి మాస్టారి ఒళ్ళో పెట్టింది. ఆయన బెంబేలెత్తిపోయారు. "వద్దండమ్మా! పోపు వాసనకే పరిగెడుతోంది. ఇది చూస్తే నన్ను వీధిలోనే నిలబెడుతుంది." అత్తయ్య విననే లేదు. పడవ వెళ్ళిపోయింది. అంతటితో అయిపోయిందనుకుని, ఆ రాత్రి అక్క పక్కన పడుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

సోమవారం మొదటి పడవలో మాస్టారు దిగారు. చేతిలో ఖాళీ సంచి. మొహం చూడబోతే దొంగతనం చేసి దొరికినవాడిలా ఉంది. నసుగుతూ నసుగుతూ చెప్పారు. "వాసన తగలకుండా పెరట్లో పెట్టానండి. ఆవిడే వెతుక్కుని వెళ్ళి, వంకాయలో వండుకుని, రెండు మార్లు వడ్డించుకుని తింది. వాంతి లేదు, ఏమీ లేదు. ఇంకాసిని దొరుకుతాయేమో కనుక్కోమంది." రేవు రేవంతా ఘొల్లుమంది. ఏ రొయ్యలు నన్ను షెడ్డుకి లాక్కుపోతాయని వణికానో, ఆ రొయ్యలే మా మాస్టార్ని వెనక్కి తెచ్చాయి! అప్పట్నుంచీ శనివారం సంచితో వెళ్ళడం, సోమవారం ఖాళీ సంచితో రావడం. ఆర్డరూ వచ్చింది. పరీక్షలయ్యాక చేరతానని ఆయన రాసిచ్చేశారు. ఎందుకండీ అంటే, బోర్డు వైపు తిరిగి "ఆ పిల్ల పరీక్షలెప్పుడని మా ఆవిడ రోజూ అడుగుతోంది" అన్నారు.

లెక్కల్లో నలభై రెండొచ్చాయి. ఆ మాట చెప్పడానికి అమ్మా నేనూ గుడివాడ వెళ్ళాం. మేడం గారు నిండు కడుపుతో ఎదురొచ్చి నా బుగ్గలు పుణికారు. మాస్టారు కాఫీ తాగుతూ నవ్వుతూ అన్నారు. "ఇక్కడ లెక్కలకి నలుగురం. ఏ క్లాసుకి ఎవరెళ్ళాలో వంతులేసుకుంటున్నాం." నేను నవ్వలేదు. "మా ఊళ్ళో మీ చోట ఎవరూ రాలేదండి" అన్నాను. ఆయన కప్పు కింద పెట్టేశారు. ఆయన మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ లేదు. కానీ తిరుగు బస్సులో ఆ "నలుగురం" అన్న మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

బందరు కాలేజీలో చేరి, మొదటి ఆదివారం ఇంటికొచ్చి, టెన్త్ పిల్లల్ని మా వసారాలో కూర్చోబెట్టాను. రానిది అడిగితే "తెలీదురా, వచ్చే ఆదివారం కనుక్కొస్తా" అనేదాన్ని, కనుక్కొచ్చేదాన్ని. ఇప్పుడు నేనూ లెక్కల టీచర్నే, పేరు వెనక రెండు డిగ్రీలున్నాయి. అయినా క్లాసుకెళ్ళే ముందు పాఠం రెండుసార్లు చూసుకోనిదే అడుగు పడదు నాకు. నలభై రెండు మార్కుల పిల్ల ఎవరైనా వచ్చి టెన్త్‌కి లెక్కలు చెప్తానంటే, నవ్వి పంపించేస్తాను. అదృష్టం, అప్పుడు ఆ మొండిఘటాన్ని నవ్వి పంపించడానికి మా ఊళ్ళో ఎవరూ లేరు. ఆ ఏడు మా వసారాలో కూర్చున్న ఆడపిల్లల్లో ముగ్గురు షెడ్డుకి వెళ్ళలేదు.