గుమ్మడికాయ చుట్టూ మా అత్తయ్యగారు

మా కాలంలో యాభై దాటిన ఆడవాళ్ళకి మోకాళ్ళ నొప్పి జబ్బు కాదు, హోదా. కోడలు వచ్చిందంటే అత్తగారు ఒక మంచం చూసుకుని, "అమ్మా, రామా" అనుకుంటూ దానిమీదికి చేరాల్సిందే. చేరకపోతే, పాపం ఆవిడకి ఇంట్లో ఏమీ జరుగుబాటు లేదు కాబోలు అనుకునేవారు. మా అత్తయ్యగారు కూడా ఆ పద్ధతి ప్రకారమే, రాజధాని మారి కర్నూలు నుంచి ఆఫీసుతోపాటు మేమూ హైదరాబాదు వచ్చిపడ్డ కొత్తలోనే, నాంపల్లి స్టేషను వెనక సందులో మేడమీద వాటాలో మంచం ఎక్కేశారు. మొదట్లో నొప్పి కొంచెమూ, మూలుగు ఎక్కువా ఉండేది. ఆర్నెల్లు కూర్చున్నాక మూలుక్కి తగ్గ నొప్పి నిజంగానే వచ్చింది. (ఇది కూడా రాస్తున్నావుటే? సరే రాయి, ఆవిడ వింటే నవ్వేదే తప్ప కోప్పడేది కాదు.)

ఆ ఇంటి మెట్లు రాతిమెట్లు, నిటారుగా ఉండేవి. ఆవిడని కిందికి దింపాలంటే చెక్క కుర్చీలో కూర్చోబెట్టి ముందు మీ తాతయ్య, వెనక, కింద వాటాలో నేను అక్కా అని పిలిచే ఆవిడ వాళ్ళాయన పట్టుకుని, పెళ్ళికూతురిని బుట్టలో తెచ్చినట్టు తెచ్చేవారు. ఆ అక్కవాళ్ళు తాతల నాటినుంచీ హైదరాబాదువాళ్ళు, ఆబిడ్స్‌లో వాళ్ళకి గాజుల దుకాణం ఉండేది. ఒకసారి అలా దింపుతూ మీ తాతయ్య నడుము పట్టేసింది. దాంతో ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశారు. తెనాలిలో మా బావగారిది నేలమీది ఇల్లు, మెట్ల బాధ లేదు, కాబట్టి అమ్మని అన్నయ్య దగ్గరికి పంపేద్దాం అని. కార్తీకం వెళ్ళాక వచ్చి తీసుకెళ్తానని బావగారూ కబురు చేశారు.

ఆ సంగతి విన్న రోజు అత్తయ్యగారు కాఫీ తాగలేదు. నేను పక్కన కూర్చుంటే నెమ్మదిగా అన్నారు. "మీ తోడికోడలు చెడ్డది కాదే. మంచం దగ్గరికే నీళ్ళు, మంచం దగ్గరికే అన్నం, మంచం దగ్గరికే తాంబూలం తెచ్చిపెడుతుంది. అదే నా భయం. అక్కడికి వెళ్తే నేనింక లేవనే అమ్మాయ్." నేను చూస్తే అమ్మ లేని పిల్లని, కొత్త ఊరు, చుట్టూ ఉర్దూ, కబుర్లకి ఉన్నది ఆవిడొక్కతే. లోకంలో అత్తగారు వెళ్ళిపోతున్నారని ఏడ్చిన కోడలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

దవాఖానలో డాక్టరుగారేమో రోజూ నడవమన్నారు. "ఎక్కడికి?" అని అడిగారు అత్తయ్యగారు. ఎక్కడికీ కాదు, ఊరికే నడవమన్నాడాయన. ఇంటికొచ్చాక ఆవిడ మండిపడ్డారు. "ఊరికే నడవడమేవిటే, మతిపోయినవాళ్ళలాగా? గుడికో పేరంటానికో అయితే నడుస్తారు గాని." సరేనని డాబామీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిపిద్దామని చూశాను. రెండు మార్లు నడిచి, "జైల్లో వాళ్ళని ఇలాగే తిప్పుతారట" అని కూలబడ్డారు.

ఇంతలో బతుకమ్మ రోజులు వచ్చాయి. మా తెనాలి వైపు ఆ పండగ లేదు, మాకు కొత్త. కింది అక్క వాకిట్లో తంగేడు, గునుగు పూలు గోపురంలా పేర్చి పెడితే, సందులో ఆడవాళ్ళంతా చుట్టూ చేరి వంగి చప్పట్లు కొడుతూ, అడుగు వేస్తూ, పాట పాడుతూ తిరిగేవారు. అత్తయ్యగారు మేడమీద వరండా కమ్మీల దగ్గర పీట వేయించుకుని చూస్తున్నారు. నేను ఆవిడ పాదాలవంక చూశాను. అవి తాళం వేస్తున్నాయి. కిందనించి అక్క కూడా చూసింది కాబోలు.

"ఏంది చెల్లె, అమ్మ గాడ కూసోని కాళ్ళాడిస్తున్నది. కిందికి తోల్కరా."

"నాకు మోకాళ్ళు తల్లీ" అన్నారు అత్తయ్యగారు.

"మాకు లేవా మోకాళ్ళు? ఆడుతుంటే అవే సక్కగైతయి. జర రాండ్రి."

ఆవిడ ఒక్కొక్క మెట్టుమీదా కూర్చుంటూ, నన్ను తిడుతూ, రాముణ్ణి తలుస్తూ దిగారు. ఆ సాయంత్రం అరచుట్టు తిరిగారో లేదో, అరుగుమీద చతికిలబడ్డారు. మర్నాడు, "పాటలో ఒక ముక్క మరిచిపోయానే, విని వచ్చేస్తా" అని మళ్ళీ దిగారు. ఆ మర్నాడు నాకంటే ముందే తయారై తలలో చామంతి పువ్వు పెట్టుకుని కూర్చున్నారు. ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి మెట్లు దిగేటప్పుడు కూర్చోవడం మానేసి గోడ పట్టుకుని దిగడం మొదలైంది. నొప్పి లేదా అంటే ఉంది. కానీ పాట మధ్యలో దాని సంగతి ఎవరు పట్టించుకుంటారు?

పండగ అయిపోయింది. బతుకమ్మని నీళ్ళలో సాగనంపి వచ్చిన మర్నాడు, ఈవిడ అలవాటుగా పువ్వు పెట్టుకుని కూర్చున్నారు. అక్క నవ్వింది. "ఇగ మళ్ళ ఏడాదికే అమ్మా. సాగనంపినంక పేర్చొద్దు." అత్తయ్యగారి ముఖం చూడాలి, తిరునాళ్ళలో బొమ్మ కొనివ్వని పిల్లలాగా అయిపోయింది. "ఏడాదంటే నేను తెనాలి మంచంమీద ఉంటాను కదమ్మా" అన్నారు.  అక్క, "బతుకమ్మను పేర్చొద్దు గని, మనం తిరిగితే తప్పేముంది? నడుమ ఇంకేమన్న పెట్టుకుందాం, తియ్యి" అంది. డాబామీద వడియాల కోసం తెచ్చిన బూడిద గుమ్మడికాయ ఉంది. దాన్నే మధ్యలో కూర్చోబెట్టాం.

ఆ రోజు నుంచీ మగవాళ్ళు ఆఫీసులకీ దుకాణాలకీ వెళ్ళగానే, వంటిల్లు సర్దేసి ముగ్గురం డాబామీద. పండగ పాటలు పండక్కే వదిలేసి, ఆ వరసలో మా సొంత పాటలు కట్టుకున్నాం. "మోకాలు మొరాయించె ఉయ్యాలో, మెట్లేమొ నవ్వేను ఉయ్యాలో" అని అత్తయ్యగారు అందుకునేవారు. అక్క మా ఇద్దరికీ గాజుల బేరాలు పాటగా వినిపించేది. నవ్వలేక నేను ముందు అలిసిపోయేదాన్ని. స్టేషన్లో బండి కూత పెడితే ఆగి, అది వెళ్ళాక మళ్ళీ మొదలు. వడియాలు పెట్టుకోవడానికి ఆ కాయని కోసే ధైర్యం మాకెవరికీ రాలేదు.

చిక్కేమిటంటే, సాయంత్రం మీ తాతయ్య అడుగు వినపడగానే ఆవిడ మంచం ఎక్కి మూలిగేవారు. "చెప్పేద్దామండీ అత్తయ్యగారూ, పంపించరు" అని నేను బతిమాలేదాన్ని. "కొడుకు ముందు గంతులేస్తే రేపణ్ణించి నా మాట ఎవడు వింటాడే? పెద్దరికం ఏం కాను?" అనేవారు. వెళ్ళడం ఇష్టం లేదు, ఉండడానికి పెద్దరికం అడ్డం. కార్తీకం అయిపోవచ్చింది.

బావగారు అనుకున్నదానికి ముందే దిగారు. మీ తాతయ్య ఆఫీసులోనే కబురు అంది, ఒక పూట సెలవు పెట్టి ఆయన్ని స్టేషన్ నుంచి మధ్యాహ్నంపూట ఇంటికి తీసుకొచ్చారు. చూస్తే మంచం ఖాళీ. లేవలేని మనిషి ఏమైందని ఇద్దరూ ఇల్లంతా గాలించారట. అంతలో పైనుంచి చప్పట్లు. పరుగున డాబా ఎక్కారు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని గుమ్మడికాయ చుట్టూ వంగి వంగి తిరుగుతున్న కన్నతల్లి కనిపించింది.

కొడుకుల్ని చూడగానే ఆవిడ చెయ్యి దానంతటదే నడుముమీదికి వెళ్ళింది. "అమ్మా, రామా" అంటూ కూర్చుండిపోయారు. బావగారు ఆయాసపడుతూ పిట్టగోడ పట్టుకున్నారు. "ఈ వయసులో ఏవిటమ్మా ఈ పిచ్చి? పడితే ఎముకలుంటాయా? సాయంత్రం బండికే బయల్దేరు" అన్నారు. అత్తయ్యగారు తలవంచుకున్నారు. అక్క చెప్పబోతే కళ్ళతోనే వద్దన్నారు. నేను లోపలికి వెళ్ళి ఆవిడ పెట్టె సర్దాను. మడత పెట్టిన చీరే మళ్ళీ మళ్ళీ మడతపెట్టాను.

సాయంత్రం రిక్షా వచ్చింది. చెక్క కుర్చీ తెచ్చి మెట్ల దగ్గర పెట్టారు. అత్తయ్యగారు దానివంక చూశారు, చెమటలు తుడుచుకుంటున్న బావగారివంక చూశారు. "ఒరేయ్ పెద్దోడా, అందులో నువ్వు కూర్చో. వచ్చినప్పటినుంచీ ఆయాసపడుతున్నావు" అన్నారు. అని, గోడైనా పట్టుకోకుండా చకచకా మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయారు. మేం పైనుంచి చూస్తున్నాం, ఎక్కేస్తున్నారనే అనుకున్నాం. ఆవిడ తనకొచ్చిన ఉర్దూ అంతా పోగుచేసి, "నై జాతా. తుమ్ జావ్" అని రిక్షాని పంపించేసి, మళ్ళీ మెట్లన్నీ ఎక్కి వచ్చి, "కాఫీ పెట్టవే అమ్మాయ్, అందరికీ" అన్నారు. కింద అక్క గొంతు వినపడింది. "ఔ, నాగ్గూడ."

మీ తాతయ్య నవ్వారు. బావగారు నవ్వలేదు గాని, వెళ్ళేరోజున మాత్రం "అమ్మా, ఆ అడుగు ఎలా వేస్తారు?" అని తలుపు చాటుగా అడిగారు.

పెద్దరికం నిజంగానే పోయింది. మర్నాటినుంచే మీ తాతయ్య "అమ్మా, కండువా అందుకో" అనడం మొదలెట్టారు. అయినా ఆవిడకి పోయినదానికన్నా వచ్చిందే ఎక్కువ. శనివారం సాయంత్రాలు మొజంజాహీ మార్కెట్టుకి నడిచి వెళ్ళి ఐస్‌క్రీం తినేవాళ్ళం. ఆవిడ ముందు, నేను వెనక. ముసలితనం రాలేదని కాదు, వచ్చింది. జుట్టు నెరిసింది, చూపు తగ్గింది. కానీ మా మెట్ల దగ్గరికొచ్చేసరికి దానికి ఆయాసం వచ్చి, చాలా ఏళ్ళు అక్కడే కూర్చుండిపోయినట్టుంది. ఆఖరి ఏడు కూడా ఆవిడ వాకిట్లో నిలబడి చప్పట్లు కొట్టారు, తిరగలేకపోయినా.

ఇప్పుడు నా వయసు అప్పటి ఆవిడ కన్నా చాలా ఎక్కువ. మీ అమ్మ నాకు మెత్తటి బూట్లు కొనిపెట్టి, రోజూ మన అపార్ట్‌మెంట్ల కింద నడవమంటుంది. నడుస్తాను, కానీ బూట్లకి పాట రాదుగా. మొన్న పొద్దున ఎవరూ లేరు కదా అని నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి, వంగి రెండు చప్పట్లు కొట్టి అడుగు వేశాను. వాచ్‌మన్ చూశాడు. "దోమలెక్కువున్నయా అమ్మా?" అన్నాడు. ఔను నాయనా అన్నాను. వాడు అటు వెళ్ళాక, ఇంకో చుట్టు తిరిగాను.