హాట్ ప్రెస్‌లోంచి వాదించిన లోయ కేసు

ప్రపంచమంతా తలుపులు బిడాయించుకుని కూర్చున్న ఆ రోజుల్లో నేను ఐర్లండ్‌లోని గాల్వేలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదువుతున్నాను. చదువుతున్నాను అంటే, చదువుతున్నానని ఇంటికి ఫోన్ చేసి చెబుతున్నాను. అప్పట్లో నాకున్న ధీమా తలచుకుంటే ఇప్పుడు నాకే ముచ్చటేస్తుంది. దేశాల మధ్య తగాదాలు తీరకపోవడానికి కారణం నా చేతికి ఇంకా డిగ్రీ రాకపోవడమేనని గట్టిగా నమ్మేవాణ్ణి. ఉంటున్న ఇంట్లో ఒక టేబుల్ తగాదా కూడా తీర్చలేకపోయిన ఘనుణ్ణి, ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

నేను ఉండేది ఒక వరంగల్ కుటుంబంతో. ఆ ఇల్లు వాళ్ళదీ కాదు, వాళ్ళూ అద్దెకే. పైన ఖాళీగా ఉన్న చిన్న గది నాకిచ్చారు. ఆయన వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన భార్య నాకు వదిన. వాళ్ళ కూతురు ఎనిమిదేళ్ళ చిట్టి. ఆ పిల్లకి తెలుగు చక్కగా అర్థమవుతుంది, జవాబు మాత్రం గాల్వే యాస ఇంగ్లీషులో వస్తుంది. నాది తెనాలి. నా తెలుగు విని అన్న నవ్వేవాడు, ఆయన తెలుగు విని నేను నవ్వేవాణ్ణి, మా ఇద్దరి ఇంగ్లీషు విని చిట్టి నవ్వేది. ఆ రకంగా ఇంట్లో వినోదానికి లోటుండేది కాదు.

ఆ చలికాలం నా మెడ మీద ఒక కత్తి వేలాడుతోంది. అదే మాక్ కోర్టు పరీక్ష. యూరప్ దేశాలు కలిసి పెట్టుకున్న మానవ హక్కుల కోర్టులో నిలబడ్డట్టు ఊహించుకుని, కంప్యూటర్ తెర ముందు వాదించాలి. కేసు కల్పితం. ఒక లోయ ఉంది. అది మాదంటే మాదని ఉత్తర దేశం, దక్షిణ దేశం కొట్టుకుంటున్నాయి. ప్రస్తుతానికి ఉత్తర దేశపు సైన్యం అక్కడ తిష్ఠ వేసింది, లోయలో బడి మూతపడింది. ఒక చిన్నపిల్ల నా చదువు సంగతేమిటని ఉత్తర దేశం మీద కోర్టుకెక్కింది. నేను ఆ పిల్ల తరఫు వకీలుని. మొదటిసారి వాదించి ఫెయిలయ్యాను. రెండోసారి కూడా పోతే డిగ్రీ ఉండదు, డిగ్రీ లేకపోతే ఆ దేశంలో ఉండటానికి దారి ఉండదు, పెట్టె సర్దుకోవడమే.

ఎందుకు ఫెయిలయ్యానంటారా? మాది భూమి తగాదాల వంశం. మా తాతయ్య ఒక చేనిగట్టు కోసం జీవితమంతా మునసబు కోర్టు మెట్లెక్కాడు. మా ఇంట్లో కూర ఏమిటని అడిగినంత మామూలుగా వాయిదా ఎప్పుడని అడిగేవాళ్ళం. కేసు చేతికి రాగానే నాకు తాతయ్య పూనాడు. పాత పటాలు, రాజుల సంధులు, ఏటి ఒడ్డున హద్దురాళ్ళు ఎవరు పాతారు, ఇదే వాయింపు. మా మేడం (ఐరిష్ ఆవిడ, మహా ఓపిక) చివరిదాకా విని, "చాలా బాగుంది. ఇంతకీ ఆ పిల్ల ఊసు ఎక్కడా రాలేదే?" అంది. లోయ ఎవరిదో తేల్చడం ఈ కోర్టు పని కాదనీ, అది ఎవరి చేతిలో ఉందో చూసి, అక్కడి మనుషులకి వాళ్ళ చేత జవాబు చెప్పించడమే పని అనీ వివరించింది. నేను బుర్ర ఊపాను గానీ ఒప్పుకోలేదు. భూమి ఎవరిదో తేలకుండా న్యాయమేమిటి, నా మొహం! పాపం ఈవిడకి భూమి విలువ తెలియదనుకున్నాను. (ఐర్లండ్ వాళ్ళకి భూమి విలువ తెలియదనుకున్నాను! భూమి కోసం తరతరాలు పోరాడిన ఆ దేశ చరిత్ర తెలిసినవాళ్ళు నన్ను మన్నించాలి.)

సరిగ్గా అప్పుడే ఇంట్లో టేబుల్ యుద్ధం మొదలైంది. వైఫై గట్టిగా అందేది కింద ముందుగదిలోనే. అక్కడ ఉన్నది ఒక్కటే టేబుల్. అది నాది. అత్లోన్ అనే ఊళ్ళో చదువు ముగించుకుని వెళ్ళిపోతున్న ఒక తెలుగు కుర్రాడి దగ్గర కొని, రైల్లో నిలబెట్టి తెచ్చాను. ("మరి ఈయనకి టికెట్ ఏదీ?" అని టికెట్లు చూసేవాడు టేబుల్ వైపు చూపించి అడిగాడు కూడా.) అన్నకేమో పొద్దున్నుంచీ ఫ్యాక్టరీ వాళ్ళతో మీటింగులు. నాకు వాదన సాధన. ముందు మర్యాదగానే ఒకరినొకరం అడిగి కూర్చున్నాం, తర్వాత మూతులు ముడుచుకున్నాం, ఆ తర్వాత టేబుల్ మధ్యలో ఎర్ర టేపు అంటించాం. ఆ టేపు రోజూ కొంచెం కొంచెం నా వైపు జరుగుతోందని నా అనుమానం.

"టేబుల్ నీదే తమ్మీ, నేను కాదంటలేను. గని అది నిలవడ్డ జాగ ఎవలది? లీజు నా పేరు మీదున్నది" అన్నాడు అన్న ఒక పొద్దున.

"అయితే నా టేబుల్ నేను పైకి తీసుకుపోతానన్నా. మీ జాగాలో మీరు హాయిగా కూర్చోండి."

"తీస్కపో. తెచ్చిన్నాడే మెట్లెక్కకపాయె గద!"

ఇలా మేము కట్టడానికీ స్థలానికీ ఉన్న సంబంధం గురించి తీవ్రంగా చర్చిస్తూ ఉండగా వంటింట్లో వదిన ఫోన్ మోగింది. చిట్టి వాళ్ళ టీచరు. పాప ఒంట్లో బాగానే ఉందా, వారమంతా ఆన్‌లైన్ క్లాసులో కనబడలేదు అని అడిగిందట. వదిన మొహం పాలిపోయింది. పాప పొద్దున్నే టాబ్లెట్ పట్టుకుని పైకి వెళ్తోంది, క్లాసులోనే ఉందని మేమందరం అనుకుంటున్నాం. ముగ్గురం పైకి పరిగెత్తాం. గదిలో లేదు. హాట్ ప్రెస్ తలుపు ఓరగా తెరిచి ఉంది. హాట్ ప్రెస్ అంటే వేడినీళ్ళ ట్యాంకు ఉండే గోడ అలమారా, అక్కడి ఇళ్ళలో తువ్వాళ్ళు వెచ్చగా ఆరేది అందులోనే. ఆ తువ్వాళ్ళ మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని చిట్టి బొమ్మ వేసుకుంటోంది.

"క్లాసేది బిడ్డా?" అంది వదిన.

"ఇట్ కెప్ట్ ఫ్రీజింగ్, మమ్మీ. సో ఐ స్టాప్డ్."

"మాకు జెప్పాలె గద!"

"డాడీ అండ్ బాబాయ్ నీడెడ్ ద టేబుల్," అంది చిట్టి, మాకే ధైర్యం చెబుతున్నట్టు. "ఐయామ్ గ్రాండ్."

గ్రాండ్ అంటే అక్కడ, నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పడకండి అని. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికేముంది, అన్నకీ వచ్చింది. వదిన పిల్లని ఎత్తుకుని మా వైపు తిరిగి, "టేబుల్ ఎవలదో తేలిందా? తేలినంక చెప్పుండ్రి. అప్పటిదాంక నా బిడ్డ అల్మార్లనే కూసుంటది" అంది. అన్న కిందికి వెళ్ళి టేపు పీకేశాడు. దాని జిగురు మరకలు గోటితో గీకే పని నేను తీసుకున్నాను.

ఆ రోజు నుంచి పొద్దుటి పూట టేబుల్ చిట్టిది. తీరా నా పరీక్ష కూడా ఒక పొద్దుటి పూటే పడింది, అదీ చిట్టి తను రాసిన కథ క్లాసుకి చదివి వినిపించే గంటకే. "నువ్వే కూసో తమ్మీ, ఒక్కరోజే గద" అన్నాడు అన్న. వద్దన్నాను. నల్లకోటు, టై వేసుకుని హాట్ ప్రెస్‌లోకి దూరాను. అన్న ఫోన్‌కి సిగ్నల్ మెట్ల మలుపులోని కిటికీ దగ్గర మాత్రమే అందుతుంది. ఆ ఫోన్ హాట్‌స్పాటే నాకు ఆధారం, అది మెట్ల పక్కనున్న హాట్ ప్రెస్ దాకానే వస్తుంది, నా గదిదాకా రాదు. పాపం ఆయన మీటింగు మానుకుని, ఫోన్ పట్టుకున్న చెయ్యి పైకెత్తి, పరీక్ష అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

తెరమీద ముగ్గురు జడ్జీలు. మధ్యలో ఆవిడ నిజంగానే రిటైరైన జడ్జి. నేను మొదలుపెట్టేసరికే చెమటలు గడ్డం మీదుగా కారుతున్నాయి. "మీకు జ్వరమా?" అని కంగారుగా అడిగింది (ఆ రోజుల్లో అది మాటవరస ప్రశ్న కాదు). "లేదండీ, హాట్ ప్రెస్‌లో ఉన్నాను" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, "నేనూ పరీక్షలకి అక్కడే చదివాను, కానివ్వండి" అంది.

కాసేపటికి అసలు బాణం వేసింది. "వకీలుగారూ, ఇంతకీ ఈ లోయ ఎవరిది?"

పటాలూ సంధులూ నాలుక చివరిదాకా వచ్చాయి. కింద గదిలోంచి చిట్టి కథ చదువుతున్న గొంతు వినబడింది. మాటలు తెలియడం లేదు, గట్టిగా, తొణక్కుండా చదువుతోందని మాత్రం తెలుస్తోంది.

"తెలియదండీ," అన్నాను. "అది తేల్చమని నా క్లయింటు అడగడం లేదు. బడి తాళంచెవి ఉత్తర దేశం జేబులో ఉంది కాబట్టి జవాబు ఉత్తర దేశమే చెప్పాలి. ఆక్రమించిన సైన్యం కూడా అక్కడి బడులు నడవనివ్వాలని అంతర్జాతీయ చట్టం అంటోంది. ఈ కోర్టు తన మానవ హక్కుల ఒప్పందాన్ని ఆ చట్టంతో కలిపి చదవాలి. లోయ ఎవరిదో తేలేదాకా ఆ పిల్ల ఎనిమిదేళ్ళ దగ్గరే ఆగి ఉండదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఫిర్యాదు చేయలేదు?"

"పెద్దవాళ్ళ తగాదా ముందు తన చదువు చిన్న సంగతి అనుకుందండీ."

ఆవిడ తలవంచుకుని ఏదో రాసుకుంది.

బయటికి వచ్చేసరికి అన్న చెయ్యి కొయ్యబారిపోయి ఉంది, వదిన దానికి జండూ రాస్తోంది. చిట్టి మెట్లెక్కి వచ్చి, "సో హూ గాట్ ద వ్యాలీ, బాబాయ్?" అంది. ఆ సంగతి మాట్లాడుకోలేదమ్మా అన్నాను. "దెన్ వాట్ వర్ యూ టాకింగ్ అబౌట్?" అంది, ఈ పెద్దవాళ్ళకి పనేం లేదన్నట్టు.

పాసయ్యాను. మార్కులు పదిమందికి చెప్పుకునేవి కావు గానీ పెట్టె సర్దుకునే పని తప్పింది. ఆ తర్వాత అలాంటి నిజం కేసులు కొన్నింటికి కాగితాలు మోశాను. వాటిలో ఏ నేల ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. ఒకటి రెండు చోట్ల మాత్రం బడి తలుపులు తెరిచారు. తువ్వాళ్ళ మధ్య చెమటలు కక్కిన ఆ కోటు కుర్రాడికి ఈ మాట చెబితే, ఇంతేనా అని మొహం వేలాడేస్తాడు. వాడి వయసుకి అది చాలదు మరి. నాకు చాలుతోంది.